కొండకు తగిన రాతి యిల్లు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిరి. నేను ఈ రెండును చేసి చూచినవాడను. పెండ్లి విషయమున నాకు చెప్పుకొనదగిన కొఱత యేదియు లేదు. ఇంటి విషయమున మాత్రము నేను చేసిన తప్పు ఒకటి కలదు. ఆ తప్పును దాచుకొనుటకంటె మీ ముందుంచుటయే మేలని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాను. తలిదండ్రులలో పలువురు స్థలములు కొని యిండ్లు కట్టుకొనుచున్నారు. మన పాఠశాలకును కొన్ని క్రొత్త గదులు కట్టవలసి యున్నది. కావున ఇది మనకందఱకును పనికివచ్చు పాఠమని నా నమ్మకము.

2004లో నేను బరంపురము శివారున, ఒక చిన్న కొండ పాదమున కొద్దిపాటి స్థలము కొంటిని. ఆ స్థలము నడుమ ఏనుగు వీపు వలె ఒక పెద్ద బండ యుండెను. దాని ప్రక్కను ఒక వేపచెట్టు. పని మొదలుపెట్టిన దినమున మేస్త్రి ఆ బండను చూచి, "మేస్టారూ, బండుంటే ఇల్లెక్కడ లేస్తాదండీ? రెండు తూటాలేస్తే సరి" అనెను. నాకును అది సబబుగానే తోచెను. బండ పగిలినది. వేపచెట్టు కూలినది. పగిలిన రాయిని కంకరకు అమ్మివేసి, గోతిని వదులు మట్టితో పూడ్పించి, దానిమీద ఇటుక గోడలతో, కాంక్రీటు కప్పుతో ఒక పెట్టె వంటి యిల్లు కట్టించితిని. వీధి పడమట నుండుటచే పెద్ద కిటికీలన్నియు పడమటికే పెట్టించితిని.

అది మొదలు వేసవి సాయంకాలములందు ఆ యింటిలో కూర్చుండుట ఎవరికిని సాధ్యము కాలేదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు కొండమీది నీరు తిన్నగా మా గోడను కొట్టినది. ఒకప్పుడు ఆ బండ ఆ నీటిని రెండుగా చీల్చి ఇరుప్రక్కలకు పంపుచుండెనని అప్పుడు గాని నాకు తెలియలేదు. నీరు తీసిన పిమ్మట తూర్పు గది గోడమీద పైనుండి క్రిందివఱకు ఒక బీట కనబడెను. పునాదిలో కొంత భాగము గట్టి రాతిమీద, కొంత భాగము పూడ్చిన మట్టిమీద నిలిచినందున, మట్టి క్రుంగిన చోట గోడ విఱిగినది. తప్పు మేస్త్రిది కాదు. స్థలమును చదువక పుస్తకములు మాత్రమే చదివిన నాది.

ఆధునికమనగా నేమి?

మనలో చాలమంది ఆధునిక గృహమనగా తెల్లని గోడలు, చదునైన కప్పు, అద్దపు కిటికీలు కల పెట్టె అని తలంతురు. రాతి యిల్లు అనగా పాతకాలపు కోటయో, దేవాలయమో అని తలంతురు. ఈ రెండు అభిప్రాయములును సరియైనవి కావు.

మొదటి ప్రపంచ యుద్ధమునకు ముందు వెనుకల యూరపులోను అమెరికాలోను వాస్తుశిల్పులు కొందఱు పాత పద్ధతులను ప్రశ్నించిరి. ఇంటికి అక్కఱలేని నగిషీలు ఎందుకు? గదులు మనుష్యుల వాడుకను బట్టి ఏల ఉండరాదు? ఉక్కు, కాంక్రీటు, అద్దము వచ్చిన పిమ్మట వెలుతురును గాలిని ధారాళముగ ఏల రానీయరాదు? ఇవి వారి ప్రశ్నలు. ఆ ప్రశ్నల ఫలితమే ఆధునిక వాస్తుశిల్పము. మన దేశమున 1950ల దశాబ్దిలో లె కార్బూజియే చేతిలో రూపొందిన చండీగఢ్‌యు, 1948లో ఆటో కోనిగ్స్‌బెర్గర్ ప్రణాళిక వ్రాసిన మన రాజధాని భువనేశ్వరమును ఆ ఆలోచననుండి పుట్టినవే.

ఐతే ఆ శిల్పులలో ఒకరు ఇంకొక ప్రశ్న వేసిరి. ఇల్లు ఏ నేలమీద నిలుచుచున్నదో ఆ నేలకును ఇంటికిని సంబంధము ఉండవలదా? అట్లు అడిగినవాడు అమెరికా దేశస్థుడగు ఫ్రాంక్ లాయిడ్ రైట్. ఇల్లు కొండ నెత్తిన పెట్టిన టోపీ వలె నుండరాదనియు, కొండలోనుండి పుట్టినట్లు ఉండవలెననియు ఆయన మతము.

జలపాతము మీది యిల్లు

పెన్సిల్వేనియా రాష్ట్రమున బేర్ రన్ అను ఒక కొండవాగు కలదు. పిట్స్‌బర్గు నగరమున పెద్ద దుకాణము నడపుచుండిన ఎడ్గార్ కాఫ్‌మన్ కుటుంబమునకు అచ్చట భూమి యుండెను. ఆ వాగు ఒక చోట రాతిపలకల మీదుగా జలపాతమై దుముకును. కాఫ్‌మన్, జలపాతమును చూచుటకు వీలుగ ఎదుట ఇల్లు కట్టుమని కోరెను. 1935లో రైట్ ఆ యింటిని జలపాతమునకు ఎదుట గాక, జలపాతము మీదనే రూపొందించెను. అప్పటికి ఆయనకు 68 ఏండ్లు. ముఖ్యమైన యిల్లు 1937లో పూర్తి యయ్యెను. దాని పేరు ఫాలింగ్‌వాటర్.

ఆ యింటినుండి మనము నేర్వదగిన సంగతులు నాలుగు.

మొదటిది: గోడల రాయిని దూరమునుండి తేలేదు. ఆ స్థలమందే తవ్వి తీసిన ఇసుకరాతి పలకలతోనే గోడలు లేపిరి. పలకలను సమముగ చెక్కక, కొన్నింటిని వెలుపలికి, కొన్నింటిని లోపలికి పేర్చిరి. అందుచే ఆ గోడ ప్రక్కనున్న కొండచరియను పోలియున్నది.

రెండవది: స్థలమందున్న బండను తొలగింపలేదు. ఆ కుటుంబమువారు ఇల్లు లేని రోజులలో వచ్చి కూర్చుండిన బండయే నేడు పెద్ద గదిలో నెగడు ముందు గచ్చులోనుండి పైకి లేచి యున్నది. ఇంటికి వచ్చు త్రోవమీద ఒక దూలము చెట్టునకు అడ్డు వచ్చినప్పుడు చెట్టును కొట్టక దూలమును వంచి చుట్టు త్రిప్పిరి.

మూడవది: రాతిని రాయి చేయదగిన పనికి, కాంక్రీటును కాంక్రీటు చేయదగిన పనికి వాడిరి. రాయి బరువును మోయగలదు, వంపునకు ఓర్వలేదు. కావున నిలువు గోడలు రాతివి. వాగుమీదికి చాచిన అరుగులు ఉక్కు కడ్డీల కాంక్రీటువి.

నాల్గవది ఒక హెచ్చరిక. ఎంత గొప్ప శిల్పియైనను లెక్కలో తప్పిన యెడల ఇల్లు క్షమింపదు. ఆ చాచిన అరుగులు కట్టిన నాటినుండియే క్రుంగనారంభించినవి. కాలక్రమమున ఆ వంపు కొన్ని అంగుళముల వఱకు పెరిగెను. 2002లో ఉక్కు తాళ్ళను లోపల బిగించి దానిని నిలబెట్టవలసి వచ్చినది. ఇల్లు కట్టుటకును మొదట అనుకొన్నదానికి అనేక రెట్లు ఖర్చు ఐనది. 1964 నుండి ఆ యింటిని ప్రజలు దర్శించుచున్నారు. 2019లో రైట్ కట్టిన మఱి యేడు కట్టడములతో కలిపి యునెస్కో దానిని ప్రపంచ వారసత్వపు పట్టికలో చేర్చినది. ఐనను మనవంటివారు అందలి అందమును చూచినంత జాగ్రత్తగ ఆ వంపును గూడ చూడవలెను.

బంజారా కొండల దృష్టాంతము

ధనవంతుల అమెరికాలో జరిగినది మనకెందుకని మీరనవచ్చును. మన తెలుగు నేలమీదనే దృష్టాంతము కలదు. హైదరాబాదు చుట్టును ఇంచుమించు 250 కోట్ల ఏండ్ల వయస్సుగల గ్రానైటు గుట్టలు ఉన్నవి. ఒకదానిమీద నొకటి పేర్చినట్లున్న ఆ బండలను ఏ మనుష్యుడును పేర్చలేదు. ఎండ, వాన, గాలి కలిసి మెత్తని భాగమును తీసివేయగా గట్టి భాగము అట్లు నిలిచినది. నిజాము ప్రభుత్వమున ఉద్యోగియై యుండిన మెహదీ నవాజ్ జంగ్, నగరమువారెవ్వరును పోయి నివసింపని ఆ గుట్టలమీద, బండలను కొట్టివేయక వాని నడుమనే ఇల్లు కట్టుకొనెను. ఆ ప్రాంతమే తరువాత బంజారాహిల్స్ అను పేర పెద్ద పేట యయ్యెను. 1933లో రవీంద్రనాథ ఠాకూరు హైదరాబాదునకు వచ్చి ఆ కొండలను చూచి వానిమీద ఒక పద్యము గూడ వ్రాసెను.

ఆ తరువాతి కాలమున చరిత్రకారుడు నరేంద్ర లూథర్ తన యింటి కూర్చుండు గదిలో ఒక పెద్ద బండను ఉన్నది ఉన్నట్లే నిలుపుకొనెను. వచ్చినవారు దానిని చూచి ఆశ్చర్యపడుచుండిరి. ఆయనయు, మఱికొందఱును కలిసి 1996లో ఆ రాళ్ళను కాపాడుటకు ఒక సంఘమును స్థాపించిరి. ఐనను ఆ నగరమున ఎన్నియో గుట్టలు కంకరయై పోయినవి. మొదటి యిల్లు కొండను గౌరవించి కట్టినది; తరువాతి వేలకొలది యిండ్లు ఆ కొండనే తినివేసినవి. ఇది మనము మఱవరాని పాఠము.

మన గంజాము రాళ్ళు

ఇక మన జిల్లాకు వత్తము. రాతిని గౌరవించుట మనకు క్రొత్త విద్య కాదు. ఋషికుల్యా నది ఒడ్డున, పురుషోత్తమపురమునకు చేరువనున్న జౌగడలో, క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దమున అశోక చక్రవర్తి తన శాసనములను చెక్కించెను. ఆయన బండను పెకలించి రాజధానికి తీసికొనిపోలేదు. బండ ఉన్నచోటనే దాని ముఖమును నునుపు చేయించి అక్షరములు చెక్కించెను. ఇప్పుడు గజపతి జిల్లాలోనున్న మహేంద్రగిరిమీద, ఇంచుమించు 1,500 మీటర్ల యెత్తున, భీముని గుడి యని పిలువబడు చిన్న ఆలయము కొన్ని పెద్ద పెద్ద రాళ్ళతోనే నిలిచి యున్నది. దూరమునుండి చూచువారికి అది కొండ కొనయందలి మఱియొక శిల వలెనే కనబడును.

మన తూర్పు కనుమలలో ముఖ్యముగ మూడు విధముల రాళ్ళు ఇంటి పనికి దొరకును. మొదటిది ఖొండలైటు. ఖొండు జాతివారి పేరనే 1902లో భూగర్భశాస్త్రజ్ఞుడగు వాకర్ దీనికి ఆ పేరు పెట్టెను. ఎరుపు గోధుమ వన్నెలో, లోపల చిన్న చిన్న కెంపుల వంటి గార్నెట్టు గింజలతో ఉండును. ఉలికి సులభముగ లొంగును. కోణార్క దేవాలయమున విరివిగ వాడిన రాయి ఇదే. ఐతే సముద్రపు గాలికి, వానకు ఇది పొరలు పొరలుగ రాలిపోవును. కోణార్కను చూచినవారికి ఇది తెలియును. కావున దీనిని లోపలి గోడలకు, చూరు క్రింది భాగములకు వాడవలెను గాని పునాదికి వాడరాదు. రెండవది చార్నొకైటు, గ్రానైటు జాతి నల్లని, బూడిద వన్నె రాళ్ళు. ఇవి గట్టివి; నీటికి చెడవు; చెక్కుట కష్టము. పునాదికి, క్రింది గోడకు ఇవియే తగినవి. మూడవది లేటరైటు. తేనెతుట్టె వలె రంధ్రములుగల ఈ ఎఱ్ఱరాతిని మన ఒడియా సోదరులు మాంకడా పథర అందురు. నేలలోనున్నప్పుడు మెత్తగానుండి, కోసి తీసి గాలికి ఆరబెట్టినచో గట్టిపడును.

స్థలమును చదువుట

కాగితము మీద గీత గీయుటకు ముందు స్థలమును ఒక యేడాది చదువవలెను. అంత ఓపిక లేనివారు ఒక వేసవిని, ఒక వర్షకాలమునైన చదువవలెను. చదువవలసినవి మూడు: నీరు, ఎండ, గాలి.

నీరు: గట్టి వానలో గొడుగు పట్టుకొని స్థలములో నిలుచుండి నీరు ఎక్కడినుండి వచ్చి ఎక్కడికి పోవుచున్నదో చూడవలెను. నీటి త్రోవకు అడ్డముగ ఇల్లు కట్టరాదు. వాలు నేలను ఒక్క మట్టమునకు త్రవ్వి పూడ్చుటకంటె, గదులను రెండు మూడు మెట్లుగ దించి కట్టుట మేలు. త్రవ్వుడు తగ్గును, పూడ్చిన మట్టిమీద పునాది వేయవలసిన ప్రమాదమును తప్పును.

ఎండ: బరంపురము ఇంచుమించు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. డిసెంబరు నెలాఖరున మధ్యాహ్న సూర్యుడు దక్షిణమున సుమారు 47 డిగ్రీల యెత్తున మాత్రమే యుండును. మే నెల నడుమనుండి జూలై చివరివఱకు మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తికి కొంచెము ఉత్తరముగానే పోవును. దీని ఫలితమేమి? దక్షిణపు కిటికీపై కొద్దిపాటి చూరు ఉన్నచో వేసవి మధ్యాహ్నపు ఎండ లోనికి రాదు. చలికాలపు లేత యెండ మాత్రము వచ్చును. పడమటి గోడ సంగతి వేఱు. సాయంకాలపు సూర్యుడు క్రిందుగ నుండుటచే ఎంత చూరు పెట్టినను ఎండ ఆగదు. కావున పడమట గోడ మందముగ, కిటికీలు చిన్నవిగ నుండవలెను; వీలైన చెట్టు నీడ యుండవలెను. నేను నఱికించిన వేపచెట్టు పడమటనే యుండెను.

గాలి: వేసవిలో మనకు హాయినిచ్చునది దక్షిణపు సముద్రపు గాలి. అది ఒక ప్రక్క వచ్చి ఎదుటి ప్రక్క పోవునట్లు కిటికీలు ఎదురెదురుగ పెట్టవలెను. మన పాత వీధులలోని పొడవాటి యిండ్లలో వీధి తలుపు తెఱచినచో పెరటి తలుపు కనబడుట ఇందుకొఱకే. వీధి అరుగు, నడవ, నడుమ వాకిలి, వెనుక పెరడు అను ఆ వరుసను కట్టినవారు ఏ కళాశాలలోను చదువలేదు; ఐనను గాలిని చదివిరి.

రాతి గోడ నిలుచు రీతి

రాతి గోడ మందము 38 సెంటీమీటర్లకు, అనగా 15 అంగుళములకు తక్కువ కారాదు. సాధారణముగ మేస్త్రీలు గోడకు వెలుపలి ముఖమొకటి, లోపలి ముఖమొకటి పేర్చి నడుమ చిన్న రాళ్ళు, మట్టి పోసి నింపుదురు. చూచుటకు ఒకే గోడ. నిజమునకు రెండు పలుచని గోడలు. నడుమ నీరు దిగిననో, భూమి కొంచెము కదలిననో రెండును విడిపోయి ఉబ్బి పడును. దీనికి మందు ఒకటే: ఈ ముఖమునుండి ఆ ముఖమువఱకు పట్టు పొడవు రాళ్ళను నడుమ నడుమ వేయవలెను. ఎత్తున ప్రతి 60 సెంటీమీటర్లకు, పొడవున ప్రతి 1.2 మీటర్లకు ఇట్టి రాయి ఒకటి ఉండవలెనని నియమము. మూలలందు ఒక రాయి ఇటు, ఒక రాయి అటు మార్చి మార్చి వేయవలెను. ఒక వరుస అతుకుమీద పై వరుస అతుకు రాకూడదు. రాయిని నేలలో ఏ పొర క్రిందుగ నుండెనో ఆ పొర క్రిందుగనే పరుండబెట్టవలెను.

కిటికీలపై, కప్పు క్రింద ఇంటిచుట్టును ఒక కాంక్రీటు పట్టీ పోసినచో నాలుగు గోడలును ఒకదాని నొకటి పట్టుకొనును. ఇది కనబడని నడికట్టు. ఆధునిక విద్య రాతికి ఇచ్చిన వరములలో ఇది ముఖ్యమైనది.

ఒక సందేహమును తీర్చవలెను. "రాతి యిల్లు చల్లగా నుండును" అందురు. ఇది సగము నిజము. మందపు రాయి పగటి వేడిని నిదానముగ పీల్చుకొని చాల గంటల తరువాత లోపలికి విడుచును. పగలు మండి రాత్రి చలివేయు దేశములలో ఇది గొప్ప మేలు. మన తీరమున రాత్రియు ఉక్కగనే యుండును. కావున గోడ వేడెక్కకుండ నీడ, రాత్రి గాలి ఆడుటకు కిటికీలు, ఈ రెండును లేనిచో రాతి యిల్లును ఉడికించును.

కప్పును, తుఫానును

మన ప్రాంతమున అక్టోబరు మాసమునకు ఒక భయము కలదు. 1999 అక్టోబరులో గోపాలపురము వద్ద పెనుతుఫాను తీరము దాటెను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మఱల గోపాలపురము చెంతనే గంటకు 200 కిలోమీటర్లు మించిన గాలితో వచ్చినది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస చేరువను దాటి, గజపతి జిల్లా కొండలలో భయంకరమైన వాన కురిపించినది.

తుఫాను గాలి గోడను త్రోయుట మాత్రమే గాక కప్పును పైకి పీల్చును. కన్ను దాటిన పిమ్మట అదే గాలి ఎదురు దిక్కునుండి వీచును. బరువైన రాతి గోడ త్రోపునకు నిలుచును. దానిమీద మేకులతో కొట్టిన రేకులు మాత్రము ఎగిరిపోవును. కావున కప్పును గోడలోనికి దిగిన కడ్డీలతో కట్టవలెను. కాంక్రీటు కప్పైనచో ఉప్పుగాలి కడ్డీలకు సోకకుండ వానిపై తగినంత మందము కాంక్రీటు కప్పవలెను. సముద్రపు ఇసుకను వాడనే రాదు. ఇల్లు కొండ నెత్తిమీద నుండుటకంటె కొంచెము క్రిందుగ, వాలులో ఒదిగి యుండుట గాలికిని మంచిది, కంటికిని మంచిది. ఐతే గోడ వెనుక చరియ మట్టి గట్టిదో కాదో తెలిసికొనవలెను. నీరు పోవుటకు కాలువ విడువవలెను.

ఖర్చు, పనివారు

ఒక ఘనమీటరు గట్టి రాయి ఇంచుమించు 2.6 టన్నుల బరువుండును. పది మీటర్ల పొడవు, మూడు మీటర్ల యెత్తుగల ఒక్క గోడకే పది టన్నుల లారీలు సుమారు మూడు కావలెను. కాబట్టి రాయి దగ్గఱ దొరికిననే చౌక. దూరమునుండి తెచ్చిన రాయి ఆడంబరము. కేరళమున పేదలకు చౌకగ నిండ్లు కట్టి ఖ్యాతి గన్న లారీ బేకరు, ఇంటికి కావలసిన వస్తువులు ఐదు మైళ్ళ లోపలనే దొరకవలెనని గాంధీమహాత్ముడు తనకు చెప్పినట్లు తఱచు తలచుకొనుచుండెను. ఆ మాటలో దేశభక్తితో పాటు లారీ బాడుగ లెక్కయు కలదు. ఐతే దగ్గఱ దొరకుచున్నదని అనుమతి లేక కొండను తొలిచి తెచ్చుట ధర్మము కాదు. పునాది త్రవ్వునప్పుడు మన స్థలమునుండి వచ్చిన రాయి, పడగొట్టిన పాత గోడల రాయి, అనుమతిగల గనుల రాయి చాలును.

రాయికంటె కరవైనది రాతి పనివాడు. తెలుగునాట రాతిపని చేయు కులమువారిని వడ్డెరలందురు. ఆ మాట ఓఢ్ర దేశపు పేరునుండి వచ్చినదని పండితులు చెప్పుదురు. అనగా తెలుగుదేశము తన రాతిపనివారిని పిలుచుటలోనే ఒడిశా పేరు దాగియున్నది! సరిహద్దు గీత 1936 ఏప్రిల్ 1న గీయబడినది గాని, ఉలియు సమ్మెటయు అంతకు మునుపే ఎల్లలు దాటినవి. నేడు మన జిల్లా యువకులు సూరతు మగ్గములకు, దూరనగరముల కట్టడపు పనులకు పోవుచున్నారు. ఊరిలో రాయి పేర్చగల చేతులు ఒక్కొక్కటిగ తగ్గిపోవుచున్నవి. ఆ చేతులతోపాటు వారి మాటలును పోవుచున్నవి.

మన పాఠశాల స్థలము

ఇక నేను అసలు చెప్పదలచిన సంగతి. మన పాఠశాల ఆవరణమున తూర్పు మూల నున్న బండను మీరందఱు ఎఱుగుదురు. భోజనపు విరామమున పిల్లలు కూర్చుండునది దానిమీదనే. మీలో కొందఱు చిన్ననాడు దానిమీదనుండి జారి మోకాళ్ళు గీచుకొనినవారు. క్రొత్త గదుల నిమిత్తము వచ్చిన అంచనాలో మొదటి వరుసలోనే "బండ తొలగించుట" అని వ్రాయబడి యున్నది. నిర్ణయము సంఘపు పెద్దలది, మీది. నేను మాటలాడునది ఇదివఱకే ఒక బండను పగులగొట్టిన మనుష్యునిగ.

బండను ఉంచి గదులను దాని చుట్టు వంచి కట్టుట సాధ్యమే. ఒక గది కొంచెము ఎత్తున, మఱియొకటి రెండు మెట్లు క్రిందుగ వచ్చును. బండ చుట్టును నీడగల వసారా వేసినచో అది వానకాలపు తరగతి గది యగును. కొన్ని చదరపు అడుగుల నేల తగ్గును. పేల్చుటకు, పూడ్చుటకు అగు ఖర్చును తగ్గును. నీరు ఇప్పుడు పోవు త్రోవనే పోవును. పని మొదలుపెట్టుటకు ముందు ఒక ఇంజనీరుచే నేలను పరీక్షింపించుట తప్పనిసరి. నా మాటమీద ఎవరును పునాది వేయవద్దు.

ఈ పాఠశాలకు మనము బిడ్డలను పంపుచున్నది ఎందుకు? ఒడియా చక్కగ నేర్చుకొని ఈ నేలమీద గౌరవముగ బ్రతుకవలెను, తెలుగును విడువరాదు. ఈ రెండును కూడదనువారు తఱచు కనబడుదురు. పని జరుగవలెనన్న పాతదానిని పేల్చి చదును చేయవలెనని వారి తలంపు. చదును చేసిన నేలమీద ఇల్లు త్వరగ లేచును. బీటయు త్వరగనే వచ్చును. ఆ సంగతి నా తూర్పు గది గోడ చెప్పుచున్నది.

పిల్లలచే చేయింపవలసిన పని

ఈ సెలవులలో తలిదండ్రులు తమ పిల్లలచే ఈ నాలుగు పనులను చేయింపుడని మనవి.

1. ఇంటి ముందు ఒక మూరెడు కఱ్ఱను నిలువుగ పాతి, నెలకొకసారి మధ్యాహ్నమున దాని నీడ ఎంత పొడవో, ఏ ప్రక్కకో కొలిచి వ్రాయవలెను. మే, జూలై నెలల నడుమ నీడ దక్షిణపు ప్రక్కకు తిరుగుటను వారు తమ కన్నులతో చూడవలెను.

2. మొదటి గట్టి వాననాడు మీ వీధిలో నీరు ఎటు ప్రవహించునో పటము గీయవలెను.

3. ఊరి చుట్టు దొరకు రాతి ముక్కలను మూడు నాలుగు రకములు తెచ్చి, నీటిలో ఒక దినము నానబెట్టి, ముందు వెనుకల తూచి, ఏది ఎక్కువ నీటిని పీల్చునో కనుగొనవలెను. ఎక్కువ పీల్చునది పునాదికి పనికిరాదు.

4. ఇంటి భాగములకు, రాతిపని ముట్లకు అమ్మమ్మ, తాతయ్యలు వాడు తెలుగు పేర్లను, ప్రక్కింటి ఒడియా పెద్దలు వాడు పేర్లను రెండు వరుసలలో వ్రాసి తేవలెను. చూరు, వసారా, అరుగు, దూలము, ఉలి మొదలగు మాటలతో ఆరంభింపవచ్చును.

పాఠశాల తెఱచిన పిమ్మట వీనిలో మంచివానిని గోడమీద అంటింతుము. మా యింటి బీట గోడను నేను ఇంకను పూర్తిగ మఱమ్మతు చేయింపలేదు. చూడగోరు తలిదండ్రులు ఏ ఆదివారముననైన రావచ్చును. పడమటి ఎండ తగ్గిన పిమ్మట వచ్చినచో కూర్చుండుటకు వీలుగ నుండును. పడమట క్రొత్తగ ఒక వేపమొక్క నాటితిని. అది ఇప్పుడు నా భుజమంత యెత్తు పెరిగినది.